పటాన్ని గోడ మీది నుంచి నేల మీదికి దించండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బడులు తెరిచినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో, చిన్న పిల్లలకు దిక్కులు గుర్తించడం, పటం చదవడం ఎలా నేర్పాలన్న ప్రశ్న పలు రూపాల్లో కనిపించింది. అందువల్ల ఈ సంచికలో పూర్తిగా ఆ విషయమే తీసుకుంటున్నాను. చాలా ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించిన అనుభవంతో రాస్తున్న జవాబులివి. ప్రశ్నలను కొంత కుదించాను. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (ఒక తల్లి, హనుమకొండ): మా పాపకు ఆరేళ్లు. పెద్ద ప్రపంచ పటం కొని గోడకు అంటించాం. దేశాల పేర్లు గడగడా చెబుతుంది. మొన్న "ఉత్తరం ఎటుంది?" అని అడిగితే మాత్రం సీలింగ్ ఫ్యాను వైపు వేలు చూపించింది. పొరపాటు ఎక్కడ జరిగింది? మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, మీ పాప తన కళ్లకు కనిపించినదాన్నే చెప్పింది. నిలువు గోడకు పటం అంటించి "పైన ఉన్నది ఉత్తరం, కింద ఉన్నది దక్షిణం" అంటే, ఆరేళ్ల బిడ్డకు పైన అంటే పైకప్పు, కింద అంటే నేల అనే అర్థం తప్ప మరొకటి తోచదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నేనూ గోడ పటంతోనే పాఠం చెప్పి, నాలుగో తరగతి పిల్లల చేత కూడా ఇదే జవాబు చెప్పించుకున్నాను. ఆ తరువాత ఏ తరగతికి వెళ్లినా మొదట పటాన్ని మేకు నుంచి తీసి నేల మీద పరిచేవాడిని. పటంలోని ఉత్తరపు అంచు నిజమైన ఉత్తరం వైపు వచ్చేలా తిప్పి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి "కరీంనగర్ ఎటు?" అని అడిగితే, వాళ్ల వేలు పటం మీద మొదలై వాయవ్యం మూలనున్న కిటికీ దాటి బయటికి వెళ్లేది. పటంలోని దిక్కు, బయటి దిక్కు ఒకటేనని వాళ్లకు ఆ క్షణంలోనే తెలిసేది.

ప్రపంచ పటాన్ని కొన్నాళ్లు చుట్టి పక్కన పెట్టండి. ముందుగా దిక్కులు, ఆ తరువాత పై నుంచి చూసే చూపు అలవాటు కావాలి.

దిక్కులు నేర్పడానికి మన ఇళ్లలో కావలసినంత సామగ్రి ఉంది. వంటగది ఆగ్నేయంలో ఉందా, బోరు ఈశాన్యంలో వేశారా అని పెద్దలు మాట్లాడుకునే మాటలు, ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దని నానమ్మ చెప్పే మాట, అద్దె ఇల్లు వెతికేటప్పుడు వినిపించే "తూర్పు ముఖం ఇల్లు" అన్న మాట పాప చెవిన ఇప్పటికే పడి ఉంటాయి. వాస్తు మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ మాటల్లోని దిక్కులు అక్కరకు వస్తాయి. ఇంట్లో నాలుగు గోడలకు నాలుగు దిక్కుల పేర్లు రాసిన చీటీలు అంటించి, ఒక వారం పాటు ఎడమ, కుడి అన్న మాటలు వాడకుండా "దువ్వెన పడమటి గోడ అలమరలో ఉంది", "ఉత్తరం తలుపు వెయ్యి" అని మాట్లాడి చూడండి. మీరిద్దరూ ఎదురెదురుగా నిలబడి కుడి చేతులు చాపితే అవి రెండు వైపులకు పోతాయి. పడమర చూపించమంటే ఇద్దరి చేతులూ ఒకే గోడ వైపు తిరుగుతాయి. ఆ తేడాను పాప తనంతట తాను గమనించాలి.

సూర్యుడు ఉదయించే దిక్కే తూర్పు అని చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20, 21 తేదీల్లోనూ సెప్టెంబరు 22, 23 తేదీల్లోనూ. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఇక్కడ జూన్ చివర్లో సూర్యోదయం తూర్పు నుంచి ఈశాన్యం వైపు దాదాపు 25 డిగ్రీలు జరుగుతుంది. డిసెంబరు చివర్లో అంతే మేర ఆగ్నేయం వైపు జరుగుతుంది. మీ బాల్కనీ నుంచి కానీ మేడ మీది నుంచి కానీ సూర్యుడు ఏ ఇంటి వెనుక నుంచి, ఏ చెట్టు పక్క నుంచి వస్తున్నాడో సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి, బోనాలకు ఒకసారి, బతుకమ్మకు ఒకసారి పాప చేత బొమ్మ వేయించి, ఆ నాలుగు కాగితాలను వరుసగా దాచి ఉంచండి. క్యాలెండరులో కనిపించే ఉత్తరాయణం, దక్షిణాయనం అన్న మాటలకు అర్థం ఆ కాగితాల్లో ఉంటుంది.

పై నుంచి చూసే చూపు దిక్కుల కంటే కష్టమైనది. పిల్లలు ఇంటి బొమ్మ వేస్తే ముందు గోడ, తలుపు, పైన కప్పు, పక్కన నిలువుగా చెట్టు వేస్తారు. పటంలో ఇవేవీ ఉండవు. నేల మీద ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం, ఒక అగ్గిపెట్టె పెట్టి, పాపను మంచం మీద నిలబెట్టి నిట్టనిలువుగా కిందికి చూడమనండి. గ్లాసు పొడుగు మాయమై గుండ్రటి అంచు మాత్రమే కనిపిస్తుంది. ఆ గుండ్రాన్ని గీయమనండి. తరువాత ఒక గది, ఆ తరువాత ఇల్లు. ఒక్కో దశకు నెల పట్టినా తొందరపెట్టవద్దు. గది పటంలో మంచం సరిగ్గా వేసి, ఫ్యానును మాత్రం పక్క నుంచి చూసినట్టు వేస్తే కోప్పడవద్దు. ఆ వయసులో రెండు చూపులూ కలిసిపోవడం సహజం.

చివరగా ఒక ఆదివారం ఉదయం పాపను ఖిలా వరంగల్ తీసుకువెళ్లండి. అక్కడి నాలుగు కీర్తి తోరణాలు నాలుగు దిక్కుల్లో నిలబడి ఉన్నాయి. నాలుగూ చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, శిల్పాన్ని చూసి ఇది తూర్పు తోరణమని ఎవరూ చెప్పలేరు. ఎండ ఎటు నుంచి వస్తోందో చూసుకుని, పాప నడుమ నిలబడి ఒక్కో తోరణానికి ఒక్కో దిక్కు పేరు పెట్టాలి. మన ఓరుగల్లు పిల్లలకు కాకతీయులు విడిచివెళ్లిన ఇంత మంచి బోధనోపకరణాన్ని కేవలం ఫొటోలు దిగడానికే వాడుకోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నర్సంపేట ప్రాంతం): మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఒకే గదిలో చెబుతున్నాను. పాఠంలో పటం, స్కేలు, గుర్తులు వస్తాయి. బడిలో ఉన్న ఒక్క జిల్లా పటమూ చిరిగిపోయింది. వీటన్నిటినీ ఏ ఆధారంతో నేర్పాలి?

జవాబు: టీచర్ గారూ, చిరిగిన పటం గురించి దిగులు పడకండి. మీ పిల్లలకు ముందు కావలసింది తమ ఊరి పటం. అది ఏ దుకాణంలోనూ దొరకదు, వాళ్లే గీయాలి. మూడు తరగతులు ఒకే గదిలో ఉండటం ఈ పాఠం వరకు మేలే చేస్తుంది. మూడో తరగతి పిల్లలు అడుగులు లెక్కిస్తే, నాలుగో తరగతి వాళ్లు రాసుకుంటారు, ఐదో తరగతి వాళ్లు గీస్తారు.

ఊరి పటానికి బొడ్రాయిని మొదలుగా పెట్టుకోండి. ఊరు అక్కడి నుంచి మొదలవుతుందన్న భావన పిల్లలకు పండుగల ద్వారా ముందే తెలుసు కాబట్టి ప్రత్యేకంగా వివరించవలసిన పని లేదు. బొడ్రాయి నుంచి బడి దాకా నడుస్తూ పది అడుగులకు ఒక చింతగింజ చొప్పున సంచిలో వేసుకోమనండి. బడికి చేరాక గింజలు లెక్కపెట్టి, గళ్ల నోటుబుక్కులో గింజకు ఒక గడి చొప్పున గీత గీయించండి. ఇరవై నాలుగు గింజలైతే ఇరవై నాలుగు గళ్లు. స్కేలు అన్న మాటను అప్పటి దాకా పలకవద్దు. గీత పూర్తయ్యాక "ఒక గడి అంటే నేల మీద ఎంత?" అని అడిగితే "పది అడుగులు" అని వాళ్లే అంటారు. ఆ జవాబును పటం కింద ఒక మూల రాయించండి. పుస్తకంలో కనిపించే స్కేలు అదేనని ఇప్పుడు చెప్పవచ్చు.

మరుసటి రోజు మరో ముగ్గురు పిల్లలు అదే దారి నడిస్తే ఒకరికి ఇరవై రెండు, ఒకరికి ఇరవై ఏడు గింజలు వస్తాయి. తరగతిలో గొడవ మొదలవుతుంది. ఆ గొడవను ఆపకండి. పొట్టి కాళ్లకు అడుగులు ఎక్కువ పడతాయని వాళ్లే తేల్చుకున్న తరువాత, పది మీటర్ల తాడు తెచ్చి కొలిపించండి. కొలతకు అందరికీ ఒకే ప్రమాణం ఎందుకు ఉండాలో పుస్తకం చెప్పే వివరణ కంటే ఈ గొడవే బాగా చెబుతుంది.

గుర్తులను కూడా ముందే పుస్తకం నుంచి ఇవ్వకుండా పిల్లలనే తయారు చేసుకోమనండి. గుడికి త్రిభుజం, చేదబావికి గుండ్రం, వాటర్ ట్యాంకుకు గుండ్రంలో గీత, ఇలా ఏదైనా పెట్టుకోవచ్చు. ఒక జట్టు గీసిన పటాన్ని మరో జట్టుకు ఇచ్చి ఊళ్లో ఒక చోటు కనుక్కోమంటే, గుర్తుల పట్టిక లేని పటం ఎందుకూ పనికిరాదని అర్థమవుతుంది. ఊరి పెద్దల దగ్గర గ్రామ నక్ష ప్రతి ఉంటే ఒకసారి తెప్పించి చూపించండి. సర్వే నెంబర్లు, బండ్ల బాటలు, వాగు, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) అందులో ఎలా గీశారో చూసి, తాము చేసిన పనే పెద్దవాళ్లూ భూముల కోసం చేశారని పిల్లలు సంబరపడతారు. మా బడిలో నక్ష చూపించిన రోజు ఒక రైతు వచ్చి, తన చెలక మూల ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తూ గంటసేపు పిల్లలతో కూర్చున్నాడు.

పాకాల పక్కనే ఉన్నవారికి చెరువు గురించి నేను చెప్పవలసిన అవసరం లేదు. అయినా ఒక మాట. నేల వాలు అన్నది పిల్లలకు కంటితో పట్టుబడదు, నీటితో పట్టుబడుతుంది. మీ ఊరి చెరువుకు నీళ్లు ఎటు నుంచి వస్తాయి, మత్తడి ఎటు దుంకుతుంది, ఆ నీళ్లు ఏ వాగులో పడి కింది ఊరి చెరువుకు చేరతాయి, తూము కింద ఎవరి పొలాలు పారుతాయి అని ఇంట్లో అడిగి తెలుసుకుని రమ్మనండి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు నిలిచింది ఆ వాలు మీదే. తరువాత వాళ్ల పటంలో నీటి దారికి బాణం గుర్తులు వేయించండి. చెరువు దగ్గరికి మాత్రం వానలు వెనుకబట్టాక, మరో ఇద్దరు పెద్దవాళ్లు తోడుగా ఉన్నప్పుడే తీసుకువెళ్లండి. మత్తడి దుంకే రోజుల్లో అసలే వద్దు.

దిక్కు కనుక్కోవడానికి బడి ఆవరణలో ఒక కర్ర పాతి నీడ చూపించే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం నీడ ఉత్తరాన్ని చూపుతుందని మాత్రం చెప్పకండి. వరంగల్ కర్కటరేఖకు దక్షిణాన ఉండటం వల్ల, మే రెండో వారం నుంచి జులై చివరి దాకా నడి మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. బడి తెరిచిన జూన్ నెలలోనే ఈ ప్రయోగం చేసి, నీడ తప్పు చూపిస్తోందని నిరాశపడిన ఉపాధ్యాయులు నాకు తెలుసు. గడియారాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది, వరంగల్ సుమారు 79.6 దగ్గర ఉంది కాబట్టి ఇక్కడ నిజమైన నడి మధ్యాహ్నం సగటున 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది. అది కూడా రుతువును బట్టి పావుగంట అటూ ఇటూ జరుగుతుంది. ఏ నెలలోనైనా పనిచేసేది పాత శంకువు పద్ధతి. కర్ర చుట్టూ తాడుతో ఒక గుండ్రం గీయండి. ఉదయం నీడ కొన ఆ గుండ్రాన్ని తాకి లోపలికి వచ్చే చోట ఒక రాయి, సాయంత్రం నీడ పెరిగి మళ్లీ తాకే చోట మరో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. రెండిటినీ కలిపిన గీతకు అడ్డంగా గీసినది ఉత్తర దక్షిణాల గీత. ఆ గీతను సున్నంతో గీసి ఏడాదంతా చెరిగిపోకుండా ఉంచండి.

ప్రశ్న (ఒక తండ్రి, పరకాల): మా బాబు దేశ పటంలో గంగా మైదానమంతా ఆకుపచ్చగా ఉందని చూసి, అదంతా అడవి అంటున్నాడు. ఎలా సరిచేయాలి?

జవాబు: ఆ పటంలో ఆకుపచ్చ రంగు ఎత్తు తక్కువగా ఉన్న నేలకు గుర్తు. పసుపు, గోధుమ రంగులు ఎత్తు పెరుగుతున్నదని చెబుతాయి. అడవుల పటంలో అదే ఆకుపచ్చ అడవికి గుర్తు కావచ్చు. పటం ఏదైనా ముందు గుర్తుల పట్టిక చదివిన తరువాతే రంగుల వైపు చూడాలన్న అలవాటు చేయండి. ఒకే ఊరి పటాన్ని రెండుసార్లు గీయించి, ఒకదానిలో ఆకుపచ్చను వరి పొలాలకు, మరోదానిలో గుడులకు వేయిస్తే, రంగుకు సొంత అర్థం లేదని ఒక్కరోజులో తెలుస్తుంది.

ప్రశ్న (ఒక తండ్రి, పెద్దపల్లి జిల్లా): మా అమ్మాయి ఐదో తరగతి. పటంలో మానేరు కింది నుంచి పైకి వెళ్లి గోదావరిలో కలుస్తోందని, నీళ్లు పైకి ఎలా పారతాయని అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

జవాబు: అయ్యా, మీ అమ్మాయి ప్రశ్న పటాన్ని శ్రద్ధగా చూసినవాళ్లకే వస్తుంది. మానేరు సిరిసిల్ల వైపు నుంచి కరీంనగర్ దాకా ఎక్కువగా తూర్పుకు వచ్చి, అక్కడి నుంచి ఈశాన్యంగా సాగి, మంథని దాటాక గోదావరిలో కలుస్తుంది. గోడ పటంలో ఈశాన్యం పైన ఉంటుంది కాబట్టి నది పైకెక్కుతున్నట్టు కనిపిస్తుంది. నేల మీద మాత్రం గోదావరి లోయ వైపు భూమి తగ్గుతూ పోతుంది, మానేరు ఆ తగ్గు వైపే పారుతోంది. పటంలో పైన అన్న మాటకు, నేల మీద ఎత్తు అన్న మాటకు సంబంధం లేదు.

దీన్ని మాటలతో ముగించకుండా, పళ్లెంలో తడి మట్టి పరిచి ఒక వైపు వాలు చేసి, గోరుతో రెండు వాగులు గీసి, చెంబుతో నీళ్లు పోయించండి. పళ్లెం కదలకుండా పాపను మాత్రం నాలుగు వైపులా తిరిగి చూడమనండి. ఒక వైపు నుంచి చూస్తే నీళ్లు తన వైపు వస్తాయి, మరో వైపు నుంచి చూస్తే తన నుంచి దూరంగా పోతాయి. నీళ్లు మాత్రం తమ దారి మార్చుకోలేదు. తరువాత పటాన్ని తలకిందులుగా పరవండి. ఇప్పుడు మానేరు కిందికి పారుతుంది, ఉత్తరం నుంచి వచ్చి కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత పైకి పారుతుంది. రెండూ ఒకే గోదావరిలో కలుస్తున్నాయని చూపించండి. చెన్నూరు దగ్గర గోదావరి కొంత దూరం ఉత్తరానికి పారడం వల్లనే అక్కడివారు దాన్ని ఉత్తరవాహిని అని గౌరవంగా పిలుచుకుంటారు. ఉత్తరానికి పారినంత మాత్రాన నది ఎత్తుకు ఎక్కలేదు.

పటం పై అంచున ఉత్తరం ఉండటం ఒక ఆచారం మాత్రమే. మధ్యయుగంలో ఐరోపాలో గీసిన పటాల్లో చాలాచోట్ల తూర్పు పైన ఉండేది, అరబ్బు పండితులు గీసిన కొన్నిటిలో దక్షిణం పైన ఉండేది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే గోదావరి వాటిలో ఏ పటంలో గీసినా అదే దారిలో పారుతుంది.

ప్రశ్న (ఒక తండ్రి, కరీంనగర్): ఫోనులో దారి చెప్పే యాప్ ఉండగా పిల్లలు పటం నేర్చుకోవడం నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. ఫోను మీకు మలుపు చెబుతుంది, చోటు చెప్పదు. "రెండు వందల మీటర్ల తరువాత కుడికి తిరగండి" అన్న గొంతు వింటూ మీరు పదిసార్లు వరంగల్ వెళ్లి రావచ్చు. వరంగల్ మీ ఊరికి ఆగ్నేయంగా ఉందన్న సంగతి ఆ పదిసార్లలో ఒక్కసారి కూడా మీకు తెలియకపోవచ్చు. దారిలో సిగ్నల్ పోయినా, ఛార్జింగ్ అయిపోయినా, పక్కనున్న పిల్లవాడికి తాను ఎక్కడున్నాడో చెప్పుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

అలాగని ఫోను వద్దని నేను అనను. వాడే తీరు మార్చండి. చాలా యాప్‌లలో బండి తిరిగినప్పుడల్లా పటం కూడా తిరుగుతూ ఉంటుంది, దాంతో పిల్లలకు ఏ దిక్కూ నిలకడగా కనిపించదు. తెర మీద ఉన్న దిక్సూచి గుర్తును నొక్కి, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టండి. గొంతును ఆపేయండి. బయలుదేరే ముందు రోజు రాత్రి మానకొండూరు, హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి వరుసగా ఒక కాగితం మీద పిల్లవాడి చేత రాయించి, మధ్యలో వచ్చే వాగులు, రైలు గేట్లు, పెద్ద మలుపులు ఖాళీ వదిలి, ప్రయాణంలో నింపమనండి. మలుపు రాకముందే "ఇప్పుడు ఎటు?" అని అడగండి. తప్పు చెబితే ఫోను చూపించండి. దారి తానే చెబుతున్నానన్న ధీమా వాడికి రావాలి.

ఉపగ్రహ చిత్రం మాత్రం ఫోను ఇచ్చిన వరమే. వరంగల్ కోటను అందులో చూపించండి. నేల మీద నడిచేటప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని రాతికోట గోడ, దాని చుట్టూ ఉన్న మట్టికోట, రెండూ ఒకదానిలో ఒకటి పెద్ద గుండ్రాలుగా కనిపిస్తాయి. కోటలో నడిచి వచ్చిన తరువాత చూపిస్తేనే దాని విలువ పిల్లలకు తెలుస్తుంది.

ప్రశ్న (ఒక తల్లి, మంచిర్యాల): గ్లోబు కొనాలా, ప్రపంచ పటం చాలా?

జవాబు: రెండిటిలో ఒకటే కొనగలిగితే గ్లోబు కొనండి. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. నారింజ తొక్కను బల్ల మీద పరచబోతే ఎక్కడెక్కడ చిరుగుతుందో మీ పిల్లలకు చూపించండి. మనం తరచూ చూసే ప్రపంచ పటాల్లో కొన్నిటిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత పెద్దగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. భారతదేశం విస్తీర్ణం సుమారు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ సుమారు 21.66 లక్షలు. మన దేశం కంటే చిన్నదైన భూభాగాన్ని ఎన్నో రెట్లు పెద్దదిగా చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ భ్రమ పెద్దయ్యాక కూడా పోదు.

ప్రశ్న (ఉపాధ్యాయుడు, ములుగు): మా బడిలో 10 జిల్లాల తెలంగాణ పటమే ఉంది. దాన్ని తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి, పక్కన కొత్తది పెట్టండి. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో మీ ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత పటం మీద పలుచని కాగితం పెట్టి నదులను, జిల్లా సరిహద్దులను వేర్వేరు రంగుల్లో గీయించి, దాన్ని కొత్త పటంతో పోల్చమనండి. నదులు ఉన్నచోటే ఉంటాయి, గీతలు మారతాయి. పటం మూల ముద్రించిన సంవత్సరం చూసే అలవాటు ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ప్రశ్న (ఒక తాతయ్య, కాజీపేట): మా మనవడికి ఎనిమిదేళ్లు. సెలవుల్లో కాగజ్‌నగర్‌లోని కూతురి ఇంటికి రైల్లో తీసుకువెళతాను. దారంతా ఫోనులో ఆటలే. ఆ ప్రయాణంలో భూగోళం నేర్పవచ్చా?

జవాబు: పెద్దవారు మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా సంతోషం కలిగించింది. బస్సు దారి కంటే రైలు దారి పిల్లలకు సులభం, ఎందుకంటే స్టేషన్లు ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తాయి, పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి ఉంటాయి. పొడుగాటి కాగితం మీద కింది నుంచి పైకి ఒక గీత గీసి, కింద కాజీపేట, పైన కాగజ్‌నగర్ రాయించండి. మధ్యలో జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వచ్చినప్పుడల్లా సమయంతో పాటు వాడే రాసుకోవాలి. చాలా స్టేషన్ల పసుపు బోర్డుల మీద పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. బండి ఆగిన చోటల్లా ఆ అంకెనూ రాయించండి. ఎక్కడ ఎక్కుతున్నాం, ఎక్కడ దిగుతున్నాం అన్నది ఇంటికి వచ్చాక గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే కొండలా, లోయలా కనిపిస్తుంది.

రామగుండం దాటాక మంచిర్యాల రాకముందు గోదావరి వంతెన వస్తుంది. దానికి ఐదు నిమిషాల ముందే వాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నది ఎటు నుంచి ఎటు పారుతోందో నీళ్లను చూసి చెప్పమనండి. రామగుండం విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గు నింపుకుని ఎదురొచ్చే గూడ్సు బండ్లు కనిపించినప్పుడు, భూమి లోపల ఉన్న బొగ్గు వల్లనే ఈ ఊళ్లు ఇక్కడ పెరిగాయని చెప్పండి. కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉందని వాడు తానే పట్టుకుంటాడు.

ఒక పొడుపు కూడా వాడికి ఇవ్వండి. ఉదయం బండిలో కాజీపేట నుంచి వెళ్లేటప్పుడు, బండి సాగే వైపు ముఖం పెట్టి కూర్చుంటే ఎండ చాలాసేపు కుడి కిటికీలోంచే వస్తుంది. కొన్నాళ్ల తరువాత సాయంత్రం బండిలో తిరిగి వస్తున్నప్పుడు, మళ్లీ బండి సాగే వైపు ముఖం పెట్టి కూర్చుంటే, అప్పుడూ ఎండ కుడి వైపు నుంచే వస్తుంది. బండి వెనక్కి తిరిగింది కదా, ఎండ వైపు ఎందుకు మారలేదని అడగండి. జవాబు మీరు చెప్పకండి. వాడు గీసిన పొడుగాటి కాగితాన్ని ఒడిలో పెట్టి, పెద్దపల్లి నుంచి కాజీపేట వచ్చేలోగా ఆలోచించుకోనివ్వండి.